పిండము ముట్టని కాకి: విడిన కుటుంబములు, కలిపిన కథలు

కుటుంబము విడిపోవుటకు పెద్ద కారణములు అక్కరలేదు. పొలము గట్టుమీది చింతచెట్టు చాలును. పెండ్లి పిలుపులలో మఱచిన ఒక్క పేరు చాలును. విందులో విస్తరిముందు జాఱిన ఒక్క మాట చాలును. విడిన కుటుంబము మరల కలియుటకు మాత్రము గట్టి కారణము కావలెను. పెద్దల హితవు, ఊరివారి మధ్యవర్తిత్వము, న్యాయస్థానపు తీర్పు చేయలేని పనిని ఒక్కొక్కప్పుడు మరణము చేయుచున్నది. బ్రతికియున్నన్నాళ్లు గడప త్రొక్కని తమ్ముడు అన్న శవము లేవకముందే వచ్చి వాకిట నిలుచును. ఏండ్ల తరబడి పుట్టినిల్లు చూడని ఆడుబిడ్డ తండ్రి పోయెనన్న కబురు విని పరుగున వచ్చును. ఈ సంగతిని మన కావ్యములు చెప్పినవి. మన చలనచిత్రములు కన్నీటితో చూపినవి. ఐనను ఒక ప్రశ్న మిగిలియున్నది. కుటుంబమును కలుపునది మరణమేనా, లేక మరణము నెపమున జరుగు మఱియొకటియా? ఈ ప్రశ్నను చరిత్రముఖమున విచారించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ఈ విచారణకు మమ్ము పురికొల్పినది 2023వ సంవత్సరము మార్చి 3వ తేదీన విడుదలయైన 'బలగం' అను తెలుగు చిత్రము. హాస్యనటుడుగా ప్రజలకు పరిచితుడైన వేణు యెల్దండికి దర్శకుడుగా ఇదియే తొలి చిత్రము. కథ తెలంగాణమందలి సిరిసిల్ల ప్రాంతపు పల్లెలో జరుగును. కొమురయ్య అను ముదుసలి హఠాత్తుగా కన్నుమూయును. కొడుకులు, కోడండ్రు, మనుమలు, చిరకాలముగా రాకపోకలు మానుకొన్న కూతురు, అల్లుడు ఆ ఇంట చేరుదురు. మూడవనాడు పెట్టిన పిండమును కాకి ముట్టదు. తెలంగాణపు నుడిలో 'పిట్ట ముట్టలేదు'. ముసలివాని మనసులో తీరని కోరిక యేదో కలదని ఊరు ఊరంతయు తలపోయును. అక్కడనుండి కథ నడచును.

తెలంగాణపు పల్లెకథను రాజపాళయము, సేత్తూరు సీమలోని తెలుగువారి ముందుంచుట యేల యని పాఠకులు అడుగవచ్చును. ఆ కథను అర్థము చేసికొనుటకు ఈ సీమవారికి వ్యాఖ్యానము అక్కరలేదనియే మా నమ్మకము. సేత్తూరు రాజపాళయమునకు దక్షిణమున తెన్‌కాశి పోవు బాటమీద, పడమటి కనుమల పాదమున ఉన్న ఊరు. ఇచ్చట తెలుగు ఇంటి భాష, తమిళము వీధి భాష. కాని కాకికి పెట్టు అన్నపు ముద్ద రెండు భాషలకును ఉమ్మడి సొత్తు. అమావాస్యనాడు పితృదేవతలను తలచి కాకికి అన్నము పెట్టి, అది ముట్టిన పిదప భుజించు ఆచారము తమిళుల ఇండ్లను తెలుగువారి ఇండ్లను సమానముగ కలదు. తమిళదేశమున పొంగలి మఱునాడు పెక్కు ఇండ్ల ఆడుబిడ్డలు పసుపు కుంకుమలు కలిపిన అన్నపు ముద్దలను పసుపుటాకులపై వరుసగా పేర్చి కాకులను పిలుతురు. తమ అన్నదమ్ములు చల్లగా ఉండవలెననియు, కాకులవలె తమ బంధువర్గము కలిసిమెలిసి మనవలెననియు వారి ప్రార్థన. ఒక కాకికి మెతుకు దొరకిన పదింటిని పిలుచును గదా! చనిపోయినవారిని తలచు పిట్టయే బ్రతికియున్నవారి ఐకమత్యమునకును గుర్తు అగుట ఊరక జరిగినది కాదు. ఈ రెంటికిని ఉన్న ముడి మన పూర్వులకు తెలియును.

ఇక చరిత్రలోనికి పోవుదము. విభాగము, అనగా పంపకము, తెలుగువారికి క్రొత్త కాదు. పండ్రెండవ శతాబ్ది తొలినాళ్లలో కల్యాణి చాళుక్యుల ఆస్థానమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరయను వ్యాఖ్య వ్రాసెను. దాని ప్రకారము కుమారునకు పుట్టుకతోనే తాతముత్తాతల ఆస్తిలో భాగము సిద్ధించును. వంగదేశమున చెల్లిన దాయభాగపద్ధతిలో తండ్రి మరణించిననే గాని కుమారునకు హక్కు లేదు. మన పద్ధతిలో తండ్రి బ్రతికియుండగనే భాగము కోరవచ్చును. ఈ మితాక్షరను ఆధారముగ గొని పదమూడవ శతాబ్దిలో కేతన 'విజ్ఞానేశ్వరీయము'ను తెలుగుపద్యములలో రచించెను. తెలుగున వెలసిన తొలి ధర్మశాస్త్రగ్రంథము అదియే. అన్నదమ్ములు ఎట్లు పంచుకొనవలెనో చెప్పు శాస్త్రము ఏడువందల యేండ్లకు పూర్వమే తెలుగులో ఉన్నదన్నమాట. విడిపోయినవారు మరల ధనము కలుపుకొని ఒకటిగ మనుటను శాస్త్రకారులు సంసృష్టి యని పేర్కొనిరి. దానికి నియమములును చేసిరి. కాని కలుపుకొనవలసినది ధనము మాత్రము కాదనునది శాస్త్రమునకు అందని విషయము.

ఈ సీమలో పంపకము లేని పద్ధతియు నుండెను. సేత్తూరు తిరునెల్వేలి సీమలోని మఱవర పాళెములలో నొకటి. పిదప జమీందారీ అయ్యెను. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టము వచ్చువరకు దక్షిణదేశమందలి పెద్ద జమీలలో జ్యేష్ఠునకే అధికారము, తక్కినవారికి మనోవర్తి. 1904లో అట్టి అవిభాజ్యములైన జమీలకై ప్రత్యేకముగ చట్టమును చేసిరి. ఆస్తి చీలకుండిన కుటుంబము చీలదని ఆ పద్ధతి వెనుకనున్న తలంపు. ఆ తలంపు నిజమైనదా? పొరుగుననున్న శివగంగ చరిత్రమును చూడుడు. 1829లో శివగంగ జమీందారు గౌరీవల్లభ తేవరు మరణించెను. ఆయనకు కుమారులు లేరు. జమీ అన్నగారి వంశమునకు చెల్లునా, జమీందారు స్వార్జితమై ఆయన ఇంటి ఆడువారికి చెల్లునా యను వివాదము పుట్టెను. జిల్లా న్యాయస్థానమునుండి సముద్రములు దాటి లండనులోని ప్రివీకౌన్సిలు వరకు పోయి, 1863లో కుమార్తెయగు కాత్తమ నాచ్చియారునకు అనుకూలముగ తీర్పు వచ్చెను. ఒక మరణము, ముప్పదినాలుగేండ్ల వ్యాజ్యము. మరణము తనంతతాను కుటుంబములను కలుపునను మాట నమ్మదగినది కాదని దీనివలన తేలుచున్నది. మరణము ద్వారము తెఱచును. ఆ ద్వారమున లోనికి వచ్చినవారు ఏమి చేయుదురనుటయే ముఖ్యము.

జ్ఞాతికలహమును తెలుగున చెప్పినవారిలో తిక్కనను మించినవాడు లేడు. కేతన తన 'దశకుమారచరిత్ర'మును అంకితమిచ్చినది ఆయనకే. నెల్లూరి ప్రభువగు మనుమసిద్ధిని జ్ఞాతులగు అక్కన, బయ్యనలు వెడలగొట్టినప్పుడు తిక్కనయే ఓరుగల్లునకు పోయి కాకతి గణపతిదేవుని సాయము తెచ్చెనని ప్రతీతి. దాయాదుల పోరు ఆయనకు గ్రంథములవలన మాత్రమే తెలిసినది కాదు. విరాటపర్వము మొదలు పదునైదు పర్వములను తెనిగించిన ఆ మహాకవి యుద్ధము ముగిసిన పిదపటి కథను కూడ పూర్తిగ చెప్పెను. ఆ భాగమును మనము అరుదుగ చదువుదుము. గంగయొడ్డున చచ్చినవారికి నీళ్లు వదలునప్పుడు కుంతి నోరు తెఱచి, కర్ణుడు మీకు అన్న, అతనికిని నీళ్లు విడువుడని కుమారులకు చెప్పును. బ్రతికియున్నప్పుడు చెప్పవలసిన మాట చచ్చిన పిదప వచ్చెను. ధర్మరాజు దుఃఖమునకు మేర లేకపోయెను. గెలిచిన రాజ్యము ఆయనకు రుచింపలేదు.

ఆశ్రమవాసపర్వమున మఱియొక ఘట్టము కలదు. అది నేటి ఇండ్లలోని మాట వలెనే వినబడును. వనమునకు పోవుటకు ముందు ధృతరాష్ట్రుడు తన కుమారులకు, భీష్మద్రోణాదులకు శ్రాద్ధము పెట్టుటకై ధనము కోరును. భీముడు ఒప్పుకొనడు, దుర్యోధనునకు పిండమేలయని కోపించును. అర్జునుడు అన్నకు నచ్చజెప్పును. ధర్మరాజు తన భాగమునుండి ఇత్తునని ముదుసలిని ఊరడించును. శవము లేచిన ఇంట, ఖర్చు ఎవరిదను తగవు నేడును విననివారెవరు? ఆ పర్వమునందే వ్యాసుడు గంగలోనుండి మృతులైన వీరులనందఱను ఒక్క రాత్రికి లేపి చూపును. కర్ణుడు తమ్ములను కలియును. కౌరవులు పాండవులు పగ లేక మాటలాడుకొందురు. తెల్లవాఱుసరికి అంతయు మాయమగును. భారతకథలో కుటుంబమంతయు సఖ్యముగా కూర్చున్న రాత్రి అది యొక్కటియే యని చెప్పినను తప్పు లేదు. కవి అంతకన్న తీవ్రముగ హెచ్చరించుట సాధ్యమా? కలియుటకు మీరు మరణమువరకు ఆగినచో, మీకు దొరకునది ఒక్క రాత్రియే యని ఆయన అభిప్రాయము.

ఇరువదవ శతాబ్దిలో ఈ కథను చెప్పు భారము రంగస్థలముమీదుగ చలనచిత్రమునకు వచ్చెను. అప్పటికి ఉమ్మడికుటుంబపు పునాదులు కదలుచుండెను. 1930లో వచ్చిన చట్టము విద్యవలన గడించిన ధనము గడించినవానిదేయని నిర్ణయించెను. ఉమ్మడి ఖర్చున చదివి ప్లీడరైన తమ్ముని సంపాదనలో అన్నకు భాగము లేకపోయెను. 1937లో వితంతువులకు కొంత హక్కు, 1956లో హిందూ వారసత్వ చట్టముచే కుమార్తెలకు తండ్రి భాగములో హక్కు లభించెను. న్యాయదృష్టితో ఇవన్నియు మేలైనవే. కాని పల్లె ఇండ్లలో అవి భయమును కూడ కలిగించినవి. ఆ భయమే 1955కును 1965కును నడుమ వచ్చిన కుటుంబచిత్రములకు ముడిసరుకు.

1957లో వచ్చిన 'తోడికోడళ్లు' శరత్‌చంద్ర ఛట్టోపాధ్యాయుని 'నిష్కృతి'కి తెలుగు రూపము. ఆదుర్తి సుబ్బారావు దర్శకుడు. అందులో కలయిక ఔదార్యమువలన జరుగును, మరణము అక్కరలేదు. 1959లో ఏ. భీంసింగు తమిళమున 'భాగపిరివినై' తీసెను. పేరునకే పంపకమని అర్థము. అన్నదమ్ముల ఇంటి నడుమ గోడ లేచును; కాలు చేయి చచ్చుపడిన పెద్దకొడుకు ఆ గోడకు ఇవతల మిగులును. పసిబిడ్డ ప్రాణమునకు అపాయము వచ్చినప్పుడు గాని ఇరుపక్షముల కన్నులు తెఱపడవు. ఆ కథయే 1961లో తాపీ చాణక్య దర్శకత్వమున 'కలసివుంటే కలదు సుఖం' అను పేర తెలుగులో వచ్చెను. తమిళమున శివాజీ గణేశన్ ధరించిన పాత్రను తెలుగున నందమూరి తారక రామారావు ధరించెను. ఇంటి నడుమ గోడ యను దృశ్యము ప్రేక్షకులకు కల్పనగ తోపలేదు. అట్టి గోడలను వారు ఎఱుగుదురు.

1961లోనే భీంసింగు 'పాశమలర్' అను చిత్రము వెలువరించెను. తల్లిదండ్రులు లేని అన్నాచెల్లెండ్రు. అన్న మిల్లులో కార్మికుడు. పని పోయినప్పుడు చెల్లెలు బొమ్మలు చేసి కూడబెట్టిన సొమ్ము అన్నకు పెట్టుబడి యగును. అన్న ధనవంతుడగును. చెల్లెలు అతని స్నేహితుని పెండ్లాడును. ఆ స్నేహితుడు కార్మికుల పక్షమువాడు. ఇల్లు ఒకటి, పక్షములు రెండు. నడుమ మేనత్త ప్రవేశించి అగ్గి రాజేయును. కుటుంబము చీలును. చివరకు చూపు కోల్పోయిన అన్న, రోగపీడితయైన చెల్లెలు చేతిలో చేయి వేసికొని ప్రాణములు విడుతురు. 1962లో ఇదియే 'రక్తసంబంధం'. సుందర్‌లాల్ నహతా, డూండీలు నిర్మించిరి, వి. మధుసూదనరావు దర్శకుడు, ఘంటసాల సంగీతము కూర్చెను. హాస్యమునకు పేరొందిన ముళ్లపూడి వెంకటరమణ చలనచిత్రసంభాషణలకు తొలిసారి కలము పట్టినది ఈ కన్నీటి కథకే యగుట ఒక విశేషము.

ఇంతకన్న పెద్ద విశేషము సావిత్రి. తమిళమున శివాజీకి చెల్లెలు ఆమెయే, తెలుగున రామారావునకు చెల్లెలు ఆమెయే. అదే 1962లో 'గుండమ్మకథ' యందు రామారావు, సావిత్రి దంపతులుగ నటించి మెప్పుగొనియుండిరి. కొలది నెలలకే అన్నాచెల్లెండ్రుగ కనబడిరి. ప్రజలు ఆ మార్పును ఆక్షేపింపలేదు. తమ ఇంటి కథగ స్వీకరించిరి. అదే సంవత్సరము హిందీలో 'రాఖీ' యను పేర భీంసింగే ఆ కథను తీసెను. అశోక్ కుమార్, వహీదా రెహమాన్ అందు అన్నాచెల్లెండ్రు. మూడు భాషలు, ఒక్క కథ. మిల్లు గొట్టముల నీడలో పెరిగిన రాజపాళయము వంటి ఊరికి ఈ కథ మఱింత దగ్గర. ఇచ్చట 1936లో పి.ఏ.సి. రామసామి రాజా స్థాపించిన రాజపాళయము మిల్లు మొదలు నూలుమిల్లులు ఊరి జీవనమునే మార్చినవి. పొలము నమ్ముకొన్న ఇంటిలో ఒకడు మిల్లునకు, ఒకడు వ్యాపారమునకు, ఒకడు మదరాసునకు పోవుటతో ఉమ్మడి వంట ఎట్లు చల్లారినదో ఇచ్చటి పెద్దలకు మేము చెప్పనక్కరలేదు. తమిళపు కొట్టకములో 'పాశమలర్'ను, తెలుగుదేశపు చుట్టముల ఇంటికి పోయినప్పుడు 'రక్తసంబంధం'ను చూచుటకు వీలున్న ప్రజలు ఈ సీమవారు. రెంటను ఒకే చెల్లెలు ఏడ్చుట చూచి, భాష మాఱినను ఇల్లు మాఱదని గ్రహించుటకు వీరికన్న తగినవారు లేరు.

ఐతే ఈ చిత్రములను మెచ్చుకొనుటతోపాటు ఒక లోపమును కూడ చెప్పవలెను. వీనిలో కుటుంబము చీలుటకు కారణము మేనత్తయో, పినతల్లియో, తోడికోడలో. తెలుగున ఆ పాత్ర తఱచుగ సూర్యకాంతమునకే దక్కెను. ఆమె నటన అద్వితీయము. తమ బిడ్డలకు సూర్యకాంతమను పేరు పెట్టుటకు తెలుగువారు జంకిరను మాట ఆ ప్రతిభకు సాక్ష్యము. కాని చట్టము, ధనము, ఉద్యోగము, వలస అను పెద్ద శక్తులు చేసిన పనికంతకును ఒక ఆడుదాని నాలుకను బాధ్యురాలిని చేయుట న్యాయము కాదు. రెండవ లోపము, కలయికకు ఆ చిత్రములు అడుగు మూల్యము. నిర్దోషులగు అన్నాచెల్లెండ్రు చచ్చిన గాని తక్కినవారికి జ్ఞానోదయము కాదు. ప్రేక్షకుడు కన్నీరు తుడుచుకొని ఇంటికి పోవును. చచ్చినవారు మాత్రము కలయిక ఫలమును అనుభవింపరు. గంగయొడ్డున ధర్మరాజునకు మిగిలినదియే ఇచ్చటను మిగులును.

చరిత్ర చిత్రమైనది. చెల్లెలికై ప్రాణములు విడిచిన అన్నగ నటించిన రామారావు 1983లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యెను. ఆయన ప్రభుత్వము తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన జన్మహక్కును ఇచ్చెను. అంతకుముందే వివాహమైన కుమార్తెలకు ఆ హక్కు వర్తింపలేదు. తమిళనాడు అట్టి చట్టమునే 1989 మార్చి 25వ తేదీనుండి అమలు చేసెను. 2005లో కేంద్రచట్టము దేశమంతటికి ఆ హక్కును విస్తరించెను. పసుపు కుంకుమలతో సరిపెట్టుకొనుమని ఆడుబిడ్డకు చెప్పిన కాలము చట్టములో ముగిసెను. ఇండ్లలో ముగిసినదా? భాగము అడిగిన చెల్లెలికి పుట్టింటి తలుపు మూసిన అన్నలు నేడును కలరు. ఆ తలుపు మూయబడునను భయముచే అడుగనే అడుగని చెల్లెండ్రు మఱింతమంది కలరు. పొంగలి మఱునాడు అన్న క్షేమమునకై కాకికి ముద్ద పెట్టునది ఆ చెల్లెలే!

ఈ నేపథ్యమున 'బలగం'ను మరల చూడుడు. అరువదియేండ్ల నాటి చిత్రములకును దీనికిని భేదము స్పష్టమగును. ఇందు గయ్యాళి మేనత్త లేదు. కూతురిని పుట్టినింటికి దూరము చేసినది విందులో నల్లిబొక్క వడ్డన విషయమున బావకును బావమఱదికిని వచ్చిన మాట పట్టింపు. ఇరువది యేండ్ల యెడబాటునకు ఒక ఎముక కారణము! హాస్యమువలె తోచును, కాని తమ చుట్టపక్కములలోని తగవుల మూలము వెదకినవారెవరును నవ్వలేరు. మనుమడు సాయిలు అప్పులలో మునిగినవాడు. పెండ్లిలో వచ్చు కట్నముతో గట్టెక్కుదమనుకొనుచుండగ తాత మరణించెనని మొదట విసుగు చెందును. పిదప మేనత్త కూతురిని పెండ్లాడిన అప్పు తీఱునని లెక్క వేయును. ఇందు ఎవరును దుష్టులు కారు, ఎవరును దేవతలు కారు. చచ్చినవాడును అకాలమున పోలేదు. నిండుగ బ్రతికిన ముదుసలి. కలయికకై నిర్దోషి ప్రాణమును ఈ కథ బలి కోరదు.

మఱి వారిని కలిపినదేమి? మూడవనాడు పిట్ట ముట్టదు, ఐదవనాడును ముట్టదు. పదునొకండవనాటికైనను ముట్టకున్న ఆ కుటుంబము ఊరికి జవాబు చెప్పవలసి వచ్చును. అందుచే ఒకరినొకరు చూడ నిష్టపడనివారు ఒకే కప్పు క్రింద, ఒకే పొయ్యిమీది అన్నము తినుచు అన్నినాళ్లు గడుపక తప్పలేదు. కోపమున వెడలిపోవుటకు వీలు లేదు. కర్మకాండకు ఈ ప్రయోజనము కలదని మన పెద్దలు పైకి చెప్పలేదు గాని, దానిని ఏర్పఱచిన తీరులోనే అది ఇమిడియున్నది. దినములు లెక్కించి కట్టడి చేసిన ఆ గడువు చచ్చినవానికి పరలోకయాత్ర, బ్రతికియున్నవారికి సహవాసము.

పదునొకండవనాడు కథకులు వచ్చి, తంబుర మీటుచు చచ్చినవాని జీవితమును ఆ ఇంటివారి నడుమ పాడుదురు. ఆ పాత్రలను వరంగల్లు సీమకు చెందిన బుడిగజంగాల కళాకారులగు మొగిలయ్య, కొమురమ్మ అను దంపతులే ధరించిరి. ఊరూర కథలు చెప్పి బ్రతికిన ఆ కళ దేశమంతటికి తెలిసెను. మొగిలయ్య 2024 డిసెంబరు 19వ తేదీన పరమపదించెను. ఆ పాట వినుచుండగ కొడుకులు, కూతురు, అల్లుడు తమ తండ్రి ఏమి కోరెనో తెలిసికొని ఒకరినొకరు పట్టుకొని ఏడ్తురు. అప్పుడు పిట్ట ముట్టును. మరణవార్త వారిని ఊరికి రప్పించెను. గడువు వారిని ఒకచోట నిలిపెను. చచ్చినవాని కథను అందఱును కూర్చుండి ఒక్కమాఱు వినుట వారిని కలిపెను. కుంతి గంగయొడ్డున చెప్పిన మాటయు ఒక కథయే. కాని అది వినవలసినవాడు చచ్చిన పిదప వినబడెను. కొమురయ్య ఇంట కథ సకాలమున వినబడెను. రెంటికిని భేదము ఇంతమాత్రమే.

చిత్రము విడుదలయైన పిదప తెలంగాణ పల్లెలలో ఆరుబయట తెరలు కట్టి ఊరివారందఱు కలిసి దానిని చూచిరి. చూచి, భూతగాదాలతో విడిన అన్నదమ్ములు మాటలు కలిపిరని పత్రికలు వ్రాసెను. పూర్వము పదునొకండవనాటి కథకుడు ఒక ఇంటికి చేసిన పనిని తెర ఊరికంతకును చేసినదన్నమాట. అందలి ఒక పాటకు గీతరచయిత కాసర్ల శ్యామ్ 2023వ సంవత్సరపు చిత్రములకిచ్చిన జాతీయ పురస్కారము పొందెను. రాజధాని మెప్పు వచ్చుటకు ముందే పల్లె మెప్పు వచ్చియుండెను.

ఇందు మన సీమవారికి పనికివచ్చు పాఠమేమి? నేడు రాజపాళయము, సేత్తూరు పరిసరముల తెలుగు ఇండ్లలో ఒక బిడ్డ చెన్నపట్టణమున, ఒక బిడ్డ బెంగళూరున, ఒక బిడ్డ అమెరికాలో ఉండుట సామాన్యము. సెలవు లేదని పదునొకండు దినములు మూడగుచున్నవి, మూడు ఒకటగుచున్నవి. దూరమునున్నవారు చరవాణి తెరమీద అంత్యక్రియలు చూచి కన్నీరు విడుచుచున్నారు. వారిని మేము నిందింపము, బ్రతుకుతెరువు అట్టిది. కాని గడువు తగ్గినకొలది సహవాసము తగ్గును. సహవాసము తగ్గినకొలది కథ చెప్పుటకు, వినుటకు తావు లేకపోవును. మితాక్షర పంపకమును నేర్పినది. ఇరువదవ శతాబ్దపు చట్టములు ఆ పంపకమును న్యాయ్యము చేసినవి. కలుపు పనిని మాత్రము ఏ శాసనసభయు మన చేతులలోనుండి తీసికొనలేదు, తీసికొనలేదు కూడ.

కావున ఆడుబిడ్డ భాగమును ఆమె అడుగకముందే ఇచ్చువారును, ఇంటి పెద్దల కథను పెద్దలు బ్రతికియుండగనే పిల్లలచేత అడిగించి చెప్పించువారును కాకి తీర్పునకై వేచియుండనక్కరలేదు. ఇంటి తెలుగును తమిళదేశమున ఇన్ని తరములు నిలుపుకొన్న వారికి ఇంటి కథను నిలుపుకొనుట అసాధ్యము కాదు. సంక్రాంతికి అందఱును ఒకమాఱు ఊరికి వచ్చి, ఒక పంక్తిని కూర్చుండి తిని, మఱునాడు చెల్లెలు కాకికి ముద్ద పెట్టునప్పుడు అన్న ప్రక్కన నిలుచుట మొదలిడిన చాలును.